చేతిసంచీలో పోలీసు: ఒక డిజిటల్ అరెస్ట్, రెండు ఆర్టీజీఎస్ ఫారాలు

నేను ఒక బ్యాంకు శాఖలో కౌంటర్ల పని, లావాదేవీల ఆమోదం చూసే అధికారిని. 2025 జూలైలో మా కౌంటరు మీదుగా డిజిటల్ అరెస్ట్ అనే టెలిఫోను మోసం, అంటే పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లోనే మనిషిని బంధించి డబ్బు గుంజడం, రెండు రోజులు నడిచింది. మొదటి రోజు 11,50,000 రూపాయలు నా ఆమోదంతోనే బయటికి వెళ్లాయి. రెండవ రోజు 23 లక్షలు ఆగాయి. ఆపిన కథ చెప్పమని పై ఆఫీసు వారు అడిగారు. శిక్షణ తరగతిలో చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు. ఆపలేకపోయిన కథను మాత్రం ఎవరూ అడగలేదు. నాకు పనికొచ్చినదంతా అందులోనే దొరికింది కనుక ఇక్కడ రెండూ రాస్తున్నాను. ఖాతాదారు అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టించే వివరాలు మార్చాను.

ఖాతాదారు

ఆమె ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరు. వయసు 68. భర్త పోయి ఆరేళ్లయింది. ఒక్కడే కొడుకు, పుణెలో ఉద్యోగం. గోదావరి ఒడ్డున మా చిన్న పట్టణంలో సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటారు. నెట్ బ్యాంకింగ్ ఇస్తామంటే వద్దన్నారు. ప్రతి నెలా మొదటి వారంలో పెన్షన్ తీసుకోవడానికి స్వయంగా వస్తారు, పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయించుకుంటారు, వడ్డీని కాగితం మీద లెక్కవేసి మా లెక్కతో సరిచూస్తారు. ఒకసారి మా నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు తప్పును పెన్నుతో దిద్ది వెళ్లారు. మోసపోయినవారి గురించి పేపర్లో చదివినప్పుడు మన మనసులో ఒక అమాయకపు ముసలమ్మ కనిపిస్తుంది చూడండి, ఈమె ఆ బొమ్మకు ఏ కోశానా సరిపోరు.

మా దగ్గర ఆమెకు రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉండేవి. ఒకటి 12 లక్షలు, ఇంకొకటి 23 లక్షలు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, భర్త బీమా డబ్బు కలిపి వేసుకున్నవి.

సోమవారం ఇంట్లో జరిగింది

ఇది ఆమె తరువాత చెప్పగా తెలిసింది. ఉదయం రికార్డు చేసిన గొంతుతో ఒక కాల్ వచ్చింది. ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నామని, రెండు గంటల్లో మీ పేరు మీద ఉన్న ఫోను నంబర్లన్నీ నిలిచిపోతాయని, వివరాలకు 9 నొక్కమని. నొక్కారు. నిజానికి ట్రాయ్ టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ. వినియోగదారుల నంబర్లు కట్ చేయడం దాని పని కాదు, అందుకోసం ఎవరికీ ఫోను చేయదు. ఆ సంగతి ఆ సంస్థే ఎన్నోసార్లు ప్రకటించింది. కానీ పొద్దున్నే, స్టవ్ మీద పాలు పెట్టి ఉండగా, ఫోను ఆగిపోతే కొడుకుతో ఎలా మాట్లాడాలి అన్న కంగారులో ఉన్న మనిషికి ఏ సంస్థ పని ఏమిటో గుర్తురాదు.

లైనులోకి వచ్చిన మనిషి, మీ ఆధార్‌తో ముంబయిలో ఎవరో సిమ్ కార్డు తీసుకున్నారనీ, దాని మీద కేసు నమోదైందనీ చెప్పాడు. రెండు గంటల్లో ముంబయి వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వగలరా అని అడిగాడు. ఎలా రాగలరు? అయితే వీడియో కాల్‌లో ఇవ్వండి అన్నాడు. ఈ మలుపు నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. వీడియో కాల్ ఆమెకు చేసిన ఉపకారంలాగా వచ్చింది. బలవంతంగా రాలేదు.

వాట్సాప్ వీడియోలో యూనిఫాం వేసుకున్న మనిషి, వెనుక గోడ మీద అధికార చిహ్నం, పక్కన జెండా. ఆ తరువాత సీబీఐ అధికారిని అంటూ ఇంకొకడు. మనీ లాండరింగ్ కేసులో నిందితుడి ఇంట్లో మీ పేరు మీద ఏటీఎం కార్డు దొరికిందన్నాడు. రిజర్వు బ్యాంకు పేరుతో ఒక లేఖ, సుప్రీంకోర్టు పేరుతో ఒక ఉత్తర్వు వాట్సాప్‌లో వచ్చాయి. ఉత్తర్వులో ఇంగ్లీషు తప్పులు ఉన్నాయట. "నాలుగు తప్పులు కనబడ్డాయి. ఈ కాలం ఆఫీసర్ల ఇంగ్లీషు ఇలాగే ఏడుస్తోంది అనుకున్నాను" అన్నారు టీచరు గారు. మోసం బయటపడటానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ ఆమె వృత్తి అనుభవమే తినేసింది.

మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు స్థిరపడ్డారు. ఒకడు గద్దించేవాడు. రెండవవాడు తెలుగువాడు, మెత్తగా మాట్లాడేవాడు. "అమ్మా, మీరు నిర్దోషి అని నాకు తెలుసు. పెద్ద సారుకు నేను నచ్చజెబుతాను, మీరు సహకరించండి చాలు" అనేవాడట. ఆ తెలుగు గొంతు వినగానే ప్రాణం లేచి వచ్చిందన్నారు. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకు తెలియదు కానీ, ఒక సంగతి గుర్తుకు వచ్చింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు, కంప్యూటర్ ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను కంబోడియా పంపుతున్న ఏజెంట్లను పట్టుకున్నారు. అక్కడికి చేరాక పాస్‌పోర్టులు లాక్కుని, వారిచేత మన దేశంలోని వారికే ఇలాంటి ఫోన్లు చేయించేవారు. కొట్టి, తిండి మాన్పించి, కోటా పెట్టి. అవతలి మెత్తని గొంతు కూడా ఒక్కోసారి బందీదే కావచ్చు.

ఇక నియమాలు. కాల్ కట్ చేయకూడదు. గదిలో లైటు ఆర్పకూడదు. ఎవరికైనా చెబితే జాతీయ రహస్యం బయటపెట్టినట్టు, మూడేళ్ల జైలు. కొడుకుకు చెబితే అతన్నీ ముద్దాయిని చేస్తారు, ఉద్యోగం పోతుంది. గంటకొకసారి క్షేమంగా ఉన్నానని మెసేజ్ పెట్టాలి. రాత్రి ఫోనును మంచం పక్క స్టూలు మీద, నీళ్ల చెంబుకు ఆనించి, తన ముఖం కనబడేలా పెట్టుకుని పడుకున్నారు. నిద్ర లేదు. మధ్యలో అవతలివారు ఒక తెల్ల కాగితం మీద ఆమె చేత తన ఖాతాలు, డిపాజిట్లు, బంగారం అన్నీ రాయించి ఫొటో పంపించుకున్నారు. అందుకే వారు అడిగిన మొత్తాలు మా డిపాజిట్లకు అంత దగ్గరగా ఉన్నాయి. ఆ డబ్బును రిజర్వు బ్యాంకు పరిశీలించి 72 గంటల్లో తిరిగి వేస్తుందన్నారు.

మంగళవారం: నేను చేసిన తప్పు

పదకొండు గంటలకు ఆమె 12 లక్షల బాండు పట్టుకుని వచ్చారు. డిపాజిట్ రద్దు చేసి 11,50,000 ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలను ఒక ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు పంపే పద్ధతి) చేయాలన్నారు.

ఇలాంటి ముఠాలకు ఆర్టీజీఎస్ ఎందుకు ఇష్టమో చెప్పాలి. యూపీఐలో సాధారణంగా రోజుకు లక్ష దాటదు. ఆర్టీజీఎస్‌కు కింది పరిమితి 2 లక్షలు, పై పరిమితి లేదు. డబ్బు వెంటనే చేరుతుంది. 2020 డిసెంబరు నుంచి పగలూ రాత్రీ నడుస్తోంది. బ్యాంకు శాఖకు మనిషిని పంపడం వారికి ప్రమాదమే, ఎవరైనా అడ్డుకోవచ్చు. అయినా పెద్ద మొత్తం ఒక్క దెబ్బకు రావాలంటే ఆ ప్రమాదం భరించక తప్పదు. అందుకని మేము అడిగే ప్రశ్నకు జవాబు ముందే నేర్పించి పంపుతారు.

నేను ఆ ప్రశ్నే అడిగాను. "టీచరు గారూ, ఇంత డబ్బు దేనికండీ?"

"అబ్బాయి పుణెలో ఫ్లాటు కొంటున్నాడు. బిల్డరుకు కట్టాలి."

"శుభం అండీ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

నిజం చెప్పాలంటే ఆ పూట ఆమెతో పది నిమిషాలు వాదించాను. దేని గురించి? గడువుకు ముందే రద్దు చేస్తే వడ్డీలో ఒక శాతం పోతుందని, దాని బదులు డిపాజిట్ మీద అప్పు తీసుకోవచ్చని. డిపాజిట్ పోకుండా కాపాడటానికి పెట్టిన శ్రద్ధలో సగం డబ్బు ఎక్కడికి పోతోందో చూడటానికి పెట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. తెర మీద అన్నీ ఉన్నాయి. 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్ చేసే ముందు అవతలి ఖాతాదారు పేరు చూపే సదుపాయం ఉంది. పేరు వచ్చింది, చివర "ట్రేడర్స్" అని. ఫ్లాటు పుణెలో. ఖాతా ఉన్న శాఖ ఉత్తరాదిలో ఇంకో రాష్ట్రంలో. బిల్డరు ట్రేడర్స్ పేరుతో ఎందుకుంటాడు అన్న ప్రశ్న నా మనసులో మెదిలింది కూడా. వెనుక క్యూలో ఏడుగురు ఉన్నారు. పేరు, ఆమె రాసిచ్చిన పేరు సరిపోయాయి. ఆమోదం నొక్కాను. పేరు చూపే ఆ సదుపాయం పొరపాటున వేరే ఖాతాకు పోకుండా కాపాడుతుంది. మోసగాడి పేరును మోసగాడే సరిగ్గా రాయించినప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆమె చేతిసంచీ కౌంటరు బల్ల మీద, జిప్పు సగం తెరిచి, నోరు నా వైపు పెట్టి ఉంది. అది చూశాను. అర్థం చేసుకోలేదు.

బుధవారం

మరునాడు పదకొండున్నరకు 23 లక్షల బాండుతో మళ్లీ వచ్చారు. రిజిస్ట్రేషను దగ్గర పడిందన్నారు. కథ అతికినట్టు ఉంది. ఫారం తీసుకుని నింపడం మొదలుపెట్టాను.

మా అటెండరు వచ్చి చెవిలో ఒక మాట చెప్పాడు. "సార్, టీచరు గారు నన్ను చూసి కూడా పలకరించలేదు."

అతను ఆమె దగ్గర పదో తరగతి చదువుకున్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా పేరు పెట్టి పిలిచి, పిల్లల మార్కులు అడిగి, ఒక్కోసారి నలుగురి ముందే చీవాట్లు కూడా వేసి వెళతారు. ఇరవై ఏళ్లుగా తప్పని ఆచారం అది. నిన్నా పలకలేదు, ఇవాళా పలకలేదు. అతను గుమ్మం దగ్గర కావాలనే ఎదురు నిలబడి నమస్కారం పెట్టాడట. ఆమె అతని భుజం మీదుగా చూస్తూ లోపలికి వచ్చేశారు.

అప్పుడు తలెత్తి ఆమెను చూశాను. నిన్నటి చీరే. కళ్ల కింద నలుపు. నేను ఏది అడిగినా ముందు చూపు సంచీ మీదికి పోయి, ఆ తరువాతే జవాబు వస్తోంది. సంచీలోంచి ఒక తెల్ల వైరు, పవర్ బ్యాంకుకు.

ఒక డిపాజిట్ స్లిప్పు వెనుక ఇలా రాసి ఆమె వైపు జరిపాను: ఫోనులో ఎవరైనా వింటున్నారా? అవునంటే తల ఊపండి.

ఆమె చదివారు. తల అడ్డంగా ఊపారు. లేదని.

ఇదంతా చదివేవారు ఇక్కడ కాస్త ఆగాలి. నేను సహాయానికి చేయి చాపాను, ఆమె అబద్ధమాడారు. ఆమె దృష్టిలో నేనూ ప్రమాదమే. బ్యాంకు సిబ్బందిలో ఈ నేరంలో భాగస్వాములు ఉన్నారు, వారు అనుమానంగా ప్రశ్నలు వేస్తే బయటపడకండి అని అవతలివారు ముందే చెప్పి పంపారు. మన హెచ్చరికను వారి కథలో ముందే ఒక సన్నివేశంగా రాసి పెట్టుకున్నారన్నమాట. అందువల్ల నేను ఆ నిమిషంలో "ఇది మోసం అమ్మా" అని ఎంత నచ్చజెప్పినా, వారు చెప్పినట్టే జరుగుతోందని ఆమెకు నమ్మకం పెరిగేది తప్ప తగ్గేది కాదు.

కనుక వాదన మానేశాను. కావలసింది ఆ సంచీ నుంచి ఆమెను విడదీయడం. సంచీకి కూడా వినబడేలా గట్టిగా అన్నాను: "టీచరు గారూ, సంతకం కలవడం లేదు. పెద్ద మొత్తం కదా, లోపల కొత్త స్పెసిమెన్ కార్డు మీద సంతకాలు పెట్టాలి. లోపలికి ఫోన్లు తీసుకురాకూడదు, సంచీ ఇక్కడే ఉంచండి, అటెండరు చూసుకుంటాడు." అలాంటి నియమం ఏదీ లేదు.

ఆమె లేచారు. లేచి, సంచీ మీదికి వంగి, తలవంచి, నెమ్మదిగా ఇంగ్లీషులో, "సర్, రెండు నిమిషాలు సంతకం చేసి వస్తాను, అనుమతి ఇవ్వండి" అని అడిగారు. ముప్పై ఏళ్లు వేలమంది పిల్లలు చేతులు కట్టుకుని అనుమతి అడిగిన మనిషి.

లోపలి గదిలో తలుపు వేశాక నేను మోసం, సైబర్, డిజిటల్ వంటి మాటలేవీ ఎత్తలేదు. శాఖలోని ల్యాండ్‌లైను నుంచి ఆమె కొడుకు నంబరు కలిపి రిసీవరు చేతికిచ్చాను. అతను ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాడు. వెనుక పళ్లేల చప్పుడు నాకూ వినిపించింది. "అమ్మా, నిన్నటి నుంచి ఫోను ఎందుకు ఎత్తడం లేదు?" అని అడిగాడు. నిన్ను అరెస్టు చేశారా అని ఆమె అడిగారు. అతను నవ్వాడు. ఆ నవ్వు వినగానే ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చారు.

బయటికి వచ్చి సంచీలోని ఫోను తీశాము. తెర పైన ఆకుపచ్చ పట్టీ, అందులో కాల్ నడుస్తున్న సమయం: 21 గంటల చిల్లర. తెర మీద ఖాళీ కుర్చీ, దాని వెనుక జెండా. కాల్ కట్ చేసింది మా అటెండరు. ఆ తరువాతి అరగంటలో వేర్వేరు నంబర్ల నుంచి పద్నాలుగు కాల్స్ వచ్చాయి. చివరిది ఆ తెలుగువాడిది.

1930

పన్నెండు దాటి నలభై నిమిషాలకు సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కు ఫోను చేశాము. డబ్బు పోయిన 25 గంటల తరువాత. వారు అడిగినవి: పంపిన ఖాతా, చేరిన ఖాతా, మొత్తం, సమయం, యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరు. ఆర్టీజీఎస్‌లో యూటీఆర్ 22 అక్షరాలు ఉంటుంది, ఒక్కటి తప్పినా జాడ దొరకదు, కాబట్టి రసీదు చూస్తూ చదవాలి. ఫిర్యాదు నమోదు కాగానే అవతలి బ్యాంకుకు సమాచారం వెళుతుంది. ఆ ఖాతాలో డబ్బు మిగిలి ఉంటే అక్కడే హోల్డ్ పెడతారు. లేకపోతే ఏ ఖాతాలకు పోయిందో చూసి ఆ బ్యాంకులకు చెబుతారు. ఇలా పొరలు పొరలుగా వెంటాడటమే ఆ వ్యవస్థ పని. ఆ తరువాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, స్టేషనులో ఎఫ్ఐఆర్ చేయించాము.

మా 11,50,000 మొదటి ఖాతాలో ఉన్నది పద్దెనిమిది నిమిషాలు. అది కమీషన్‌కు అద్దెకిచ్చిన కరెంటు ఖాతా. అక్కడి నుంచి పద్నాలుగు ఖాతాలకు చీలింది. ఆ ఖాతాల నుంచి కొంత ఏటీఎంలలో, కొంత చెక్కులతో నగదుగా బయటికి పోయింది. చివరకు వేర్వేరు బ్యాంకుల్లో హోల్డ్ పడినది 2,86,000. మంగళవారం మధ్యాహ్నమే ఫోను చేసి ఉంటే ఎంత ఆగేదో లెక్క కట్టడం నాకు ఇష్టం లేదు.

హోల్డ్ పడిన ఆ డబ్బు దానంతటది వెనక్కు రాలేదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 503 సెక్షను కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. పూచీకత్తు రాసివ్వవలసి వచ్చింది. ఆమెకు డిసెంబరులో చేతికందింది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇలాంటి వాపసులను లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తోంది.

కొడుకు మరునాడే విమానంలో వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, "మీరే కదండీ పంపింది, బ్యాంకు భరించదా?" అన్నాడు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన లావాదేవీలకు వర్తిస్తాయని, ఇక్కడ అమ్మగారే స్వయంగా సంతకం చేశారని చెప్పాను. నేను చెప్పింది రూలు ప్రకారం సరైనదే. అతను కాసేపు నా వైపు చూసి, "నిబంధన అర్థమైందండీ" అన్నాడు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకునే దారి కూడా చెప్పాను. అది అతని హక్కు, నా మీద అయినా సరే.

తెలిసీ ఎందుకు?

వారం తరువాత వారి ఇంటికి వెళ్లాను. నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగాను. డిజిటల్ అరెస్ట్ గురించి మీకు ముందు తెలియదా? తెలుసన్నారు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పింది టీవీలో విన్నారు. నెలల తరబడి ఎవరికి ఫోను చేసినా ముందు వినిపించిన హెచ్చరిక విన్నారు. లూధియానాలో వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్‌ను 2024 ఆగస్టులో స్కైపులో దొంగ సుప్రీంకోర్టు విచారణ పెట్టి 7 కోట్లకు ముంచిన వార్త పేపర్లో చదివారు.

"అవన్నీ మోసాలు అనుకున్నాను. నాకు వచ్చింది కేసు అనుకున్నాను" అన్నారు.

అవతలివాడే ఆమెతో అన్నాడట: "మేడం, ఈ రోజుల్లో నకిలీ పోలీసులు ఎక్కువయ్యారు, జాగ్రత్త. ఇదిగో నా ఐడీ కార్డు, నంబరు రాసుకోండి." ఆమె రాసుకున్నారు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ మోసం మన తెలివితేటల జోలికి రాదు. అది మన పక్కన ఉన్న మనుషుల జోలికి వస్తుంది, వారిని ఒక్కొక్కరినే తీసివేస్తుంది. కొడుకు, పొరుగింటివారు, బ్యాంకు, చివరకు నిద్ర. నిద్ర లేని మనిషికి, మాట్లాడటానికి మిగిలిన ఒకే ఒక్క గొంతు ఏది చెబితే అదే లోకం. బుధవారం ఆమెను బయటికి లాగింది సమాచారం కాదు. సంచీకి దూరంగా రెండు నిమిషాలు, ఇంకొక గొంతు. మనం చేసే ప్రచారమంతా సమాచారం మీదే నడుస్తోంది. అది వద్దనను కానీ, సరిపోదు.

అయినా కొన్ని సంగతులు గట్టిగా తెలిసి ఉంటే కాల్ కట్ చేయడానికి ధైర్యం వస్తుంది. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఫోను ముందు నిలబెట్టాలని కాదు. పోలీసు విచారణకు రమ్మనే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు తమ గోడు రాసి పంపిన లేఖతో అదే కోర్టు 2025 అక్టోబరులో తనంతట తాను కేసు చేపట్టి, డిసెంబరులో ఈ నేరాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కాల్ కట్ చేయడం ఏ సెక్షను కిందా నేరం కాదు. మా అమ్మకు నేను చెప్పి పెట్టింది మాత్రం ఇంకా చిన్నది: ఫోను పెట్టెయ్యి, నాకు చెయ్యి. నిజం పోలీసయితే ఇంటికే వస్తాడు, మంచినీళ్లు ఇద్దాం.

మా శాఖలో మారినవి

"ఎందుకు?" అని అడగడం మానేశాము. దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు పెద్ద వయసువారు డిపాజిట్ రద్దు చేసి కొత్త ఖాతాకు పంపుతామంటే, ముందు లోపలికి పిలిచి మంచినీళ్లు ఇస్తాము. ఫోను బయట ఉంటుంది. తరువాత నేర్పించని ప్రశ్నలు: అబ్బాయి ఏ బ్యాంకులో హోమ్ లోను తీసుకున్నాడు? ఫ్లాటు ఎన్నో అంతస్తు? అతనికి ఒకసారి ఫోను చేద్దామా, మాట్లాడి చాలా రోజులైంది? నిజంగా ఇల్లు కొంటున్న తల్లి ఎన్నో అంతస్తో చెప్పడమే కాదు, తూర్పు గుమ్మమని కూడా చెబుతుంది.

ఇందులో ఇబ్బంది లేదనను. సెప్టెంబరులో ఒక పెద్దాయన నా మీద కేకలు వేశారు. "నా డబ్బు, నా ఇష్టం, మీరెవరు అడగడానికి?" అన్నారు. ఆయన నిజంగానే మనవరాలి కాలేజీ ఫీజు కడుతున్నారు. క్షమాపణ చెప్పి పని చేసిపెట్టాను. ఆయన అన్నది తప్పు కాదు. ఖాతాదారు డబ్బుకు కాపలాదారుగా ఉండాలా, పెద్దమనిషిగా మారి పెత్తనం చేయాలా అన్న గీత చాలా సన్ననిది, రోజుకొక చోట గీసుకోవలసి వస్తోంది.

సెప్టెంబరులోనే టీచరు గారికి మరో కాల్ వచ్చింది. మీ పోయిన డబ్బు రాబట్టి ఇస్తాము, 18,000 ఫీజు కట్టండి అని. ఒకసారి మోసపోయినవారి వివరాలు ఇలాంటి వారి చేతుల్లోకి పోతాయి, ఇది రెండవ వల. ఆమె మాట్లాడుతున్నవాడిని ఆపి, పొయ్యి మీద పప్పు మాడుతోందని చెప్పి కట్ చేశారట. నిజంగానే మాడుతోందా అంటే నవ్వారు.

డిసెంబరులో 2,86,000 ఖాతాలో పడ్డాక ఆమె ఒక దరఖాస్తు తెచ్చారు. డిపాజిట్లన్నీ కొడుకుతో ఉమ్మడిగా మార్చాలని, ఇద్దరి సంతకాలు ఉంటేనే రద్దు చేసేలా. "ఇద్దరిలో ఎవరైనా" అన్న గడి కొట్టివేసి, "ఇద్దరూ కలిసి" అన్నదాని పక్కన టిక్కు పెట్టి ఉంది. కొడుకు సంతకం కోసం ఫారాలు పుణె వెళ్లి కొరియరులో తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆలస్యమైందని నేను నొచ్చుకుంటే, "అదే కదా కావలసింది" అన్నారు.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, మా అటెండరును పిలిచి, అర్ధసంవత్సర పరీక్షల్లో అతని చిన్నకూతురికి ఇంగ్లీషులో ఎన్ని వచ్చాయో అడిగారు. 41 అన్నాడు. అక్కడే నిలబెట్టి ఐదు నిమిషాలు చీవాట్లు పెట్టారు.